పోపు పొగ బయటికి పోవాలని మొదలుపెట్టాం

మేము ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో. 2016లో మా ఆయన రిటైరయ్యాక ఫ్లోరిడాలో టాంపాకి కాస్త ఉత్తరాన ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నాం. అప్పట్నుంచీ దీపావళి దీపాలు ఇక్కడ, ఉగాది పచ్చడి అక్కడ. చలికాలం రాగానే ఇలా కిందికి దిగిపోయేవాళ్ళని అమెరికాలో స్నోబర్డ్స్ అంటారు, మన నేలపట్టుకి గూడబాతులు వచ్చిపోయినట్టే అనుకోండి. 2023 నవంబర్ నుంచి 2024 ఏప్రిల్ దాకా ఆ ఇంట్లో వంటిల్లు మొత్తం ఊడదీసి మేమిద్దరమే మళ్ళీ పెట్టుకున్నాం. అప్పటికి నాకు 63, ఆయనకి 68. తెలిసినవాళ్ళందరూ ఎలా చేశారు, ఎంతయింది అని అడుగుతున్నారు, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ఇల్లు 1986లో కట్టింది. వంటిల్లు కూడా అప్పటిదే. కప్‌బోర్డులు పాతబడితే పాతబడ్డాయిలే, నన్ను ఏడేళ్ళు ఏడిపించింది పొగ. స్టవ్ మీద మైక్రోవేవ్, దాని అడుగున ఒక ఫ్యాను. ఆ ఫ్యాను పొగని పీల్చి, ఒక జల్లెడలోంచి పంపి, మళ్ళీ మన మొహం మీదికే వదుల్తుంది, బయటికి గొట్టమే లేదు. గుడ్లు ఉడకబెట్టుకునేవాళ్ళకి అది సరిపోతుందేమో, నూనె కాగి ఎండుమిర్చి, ఇంగువ పడ్డాక ఆ ఘాటు ఎక్కడికి పోతుంది? ఏసీ గొట్టాల్లోంచి పడగ్గది దాకా వెళ్ళేది, చీరలకి పట్టేది, నేను పోపు వేస్తుంటే ఆయన టవల్ పట్టుకుని స్మోక్ అలారం కింద నిలబడేవారు. పై కప్‌బోర్డుల తలుపులు ముట్టుకుంటే చేతికి జిడ్డు. ఎంత తుడిచినా వారానికి మళ్ళీ అంతే.

ఒక కాంట్రాక్టర్ని పిలిస్తే 38 వేల డాలర్లు చెప్పాడు. అది విని కాదు మేం వెనక్కి తగ్గింది. పొగ బయటికి పోయేలా గొట్టం పెట్టండి అంటే, "అది సిమెంటు బ్లాకుల గోడండీ, కష్టం, ఇంకో మంచి మైక్రోవేవ్ పెడతాను" అన్నాడు. నాకు కావలసిన ఒక్క పనీ చెయ్యనివాడికి అంత డబ్బు ఎందుకివ్వాలి? ఆ రాత్రి ఆయనే అన్నారు, "మనమే చేద్దామే, నువ్వు కొలతలు చూసుకో, బరువులు నేను చూసుకుంటా" అని. ఆయన ముప్ఫై ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరు, నేను లెక్కల టీచర్ని. అది కొంత పనికొచ్చింది.

ముందు పర్మిట్. ఫ్లోరిడాలో సొంతింటివాళ్ళు కాంట్రాక్టర్ లేకుండా తమ పేరు మీదే పర్మిట్ తీసుకోవచ్చు, ఓనర్-బిల్డర్ అంటారు. ఈ పని నేనే చేయించుకుంటున్నాను, బాధ్యత నాదే అని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పని పూర్తయిన ఏడాదిలోపు ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా, అమ్ముకోడానికో అద్దెకివ్వడానికో చేశారని చట్టం అనుకుంటుందని కూడా ఆ కాగితంలోనే ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకండి. నీళ్ళ పైపులు, కరెంటు వైర్లు మాత్రం లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇచ్చాం. ఆ రెండింటి జోలికీ మేం పోలేదు, ఎవర్నీ పొమ్మని చెప్పను కూడా.

పాత కప్‌బోర్డులు ఊడదీయడం రెండు రోజుల పని. మూడో రోజు సింకు వెనక గోడ తెరిచాం, అక్కడ గుండె ఆగింది. గోడ బయటికి కనిపించే ముక్క రాగి గొట్టమే, దాని వెనక మాత్రం బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టం. అది పాలీబ్యూటిలీన్. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో ఎన్నో ఇళ్ళకి వేశారు, నీళ్ళలో కలిపే క్లోరిన్‌కి లోపల్నుంచి పెళుసెక్కి ఎప్పుడో ఒకరోజు చెప్పకుండా పగుల్తుంది. ఇల్లు కొన్నప్పుడు తనిఖీ చేసినాయన రిపోర్టులో "రాగి పైపులు" అని రాశాడు, బయటి ముక్కే చూసి. ఏడేళ్ళు మేం ఆ నమ్మకంతోనే ఉన్నాం, ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఖాళీగా ఉండే ఇంట్లో ఆ గొట్టం పగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ప్లంబర్ని పిలిచి ఇల్లంతా పెక్స్ అనే వేరే రకం ప్లాస్టిక్ గొట్టాలు వేయించాం, 4,800 డాలర్లు. బడ్జెట్‌లో లేని ఖర్చు, కానీ వంటిల్లు తెరవబట్టే బయటపడింది. 1986 ప్రాంతంలో కట్టిన ఇల్లయితే మీరూ ఒకసారి వాటర్ హీటర్ దగ్గర, గోడల వెనక ఆ బూడిదరంగు కోసం చూసుకోండి.

ఇక గోడకి కన్నం. ఇది మొత్తం పనిలో నేను భయపడిందీ, ఇప్పుడు అన్నిటికన్నా ఇష్టంగా తలుచుకునేదీ.

ఫ్లోరిడా ఇళ్ళకి బయటి గోడ 8 అంగుళాల సిమెంటు బ్లాకు. బ్లాకు మధ్యలో గుల్ల ఉంటుంది, కానీ కిటికీల పక్కన, మూలల్లో ఆ గుల్లని కాంక్రీటుతో నింపి ఇనపచువ్వ దింపుతారు, తుఫాను గాలులకి గోడ నిలబడాలని. మేం కాగితం మీద స్టవ్ ఎక్కడ గీసుకున్నామో సరిగ్గా దాని మధ్యన పైన, పొడుగాటి బిట్టుతో ఒక సన్నబెజ్జం వేశాం. రెండంగుళాలు వెన్నలా దిగింది, ఆ తర్వాత డ్రిల్లు మొరాయించింది. ఆయన ఇంకాస్త నొక్కారు. లోపల్నుంచి ఇనుము మీద గీరుకున్న చప్పుడు. "ఆపండి ఆపండి" అని నేను అరిచాను. కుడిపక్క కిటికీకి మరీ దగ్గరగా ఉన్నాం, చువ్వ తగిలింది. దాన్ని కోయకూడదు, గోడ బలమంతా దానిలోనే ఉంది. ఎడమకి 9 అంగుళాలు జరిగి ఇంకో సన్నబెజ్జం వేశాం, ఈసారి గుల్ల తగిలింది, బిట్టు అవతలికి వెళ్ళి బయట ఎండ సన్నగా ఒక చుక్కలా కనిపించింది.

కానీ స్టవ్ 9 అంగుళాలు జరగాలంటే క్యాబినెట్లన్నీ మారాలి, అవి అప్పటికే వచ్చి గారేజీలో డబ్బాల్లో ఉన్నాయి. నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. స్టవ్‌కి ఎడమ పక్కన 24 అంగుళాల బాక్సు, కుడి పక్కన 15 అంగుళాలది. రెంటినీ అటుదిటు చేస్తే? స్టవ్ సరిగ్గా 9 అంగుళాలు ఎడమకి పోతుంది! మూడుసార్లు కూడి తీసి చూసుకున్నాను, పైనవి కూడా అలాగే కుదిరాయి. ఒక్క పెట్టె కూడా వెనక్కి పంపాల్సిన పని పడలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో పాయసం. మీరు చేసుకునేటట్టయితే మాత్రం మా అదృష్టాన్ని నమ్ముకోకండి, ముందు కన్నం వేసి, గోడ లోపల ఏముందో చూసుకుని, ఆ తర్వాతే క్యాబినెట్లు ఆర్డర్ చెయ్యండి.

6 అంగుళాల గొట్టానికి ఆరుంబావు అంగుళాల వృత్తం గీసి, గీత మీద అరంగుళానికో బెజ్జం చొప్పున లోపల్నుంచి సగం, బయట్నుంచి సగం వేశాం. అద్దెకి తెచ్చిన పెద్ద హ్యామర్ డ్రిల్లు బరువుకి ఆయన భుజాలు పట్టేసేవి, పదేసి బెజ్జాలకి ఒకసారి కూర్చునేవాళ్ళం. నేను పక్కనే వాక్యూమ్ గొట్టం పట్టుకుని దుమ్ము లాగేసేదాన్ని. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మాస్కు లేకుండా నిమిషం కూడా ఉండకండి. చివర్న ఉలి, సుత్తి. బ్లాకు ముక్క బయటికి ఊడి పడ్డాక ఆ గుండ్రటి కన్నంలోంచి పక్కింటివాళ్ళ నారింజచెట్టు కనబడింది.

గొట్టం నున్నటి రేకుదే పెట్టాం, మడతలుండే అల్యూమినియం గొట్టం వద్దు, మడతల్లో జిడ్డు పేరుకుంటుంది, గాలి కూడా సరిగ్గా పోదు. బయటివైపు కాస్త వాలు ఇచ్చాం, వాన పడ్డా లోపలికి కారకుండా. బయట మూతకి ఒక రేకు తలుపు ఉంటుంది, ఫ్యాను వేస్తే లేస్తుంది, ఆపితే పడిపోతుంది. చిమ్నీ 390 సీఎఫ్‌ఎంది తీసుకున్నాం, అంటే నిమిషానికి 390 ఘనపుటడుగుల గాలి లాగేది. అమెరికాలో చాలాచోట్ల 400 దాటితే బయటికి పోయే గాలికి బదులు గాలి లోపలికి వచ్చే ఏర్పాటు విడిగా చెయ్యమంటారు, అది ఇంకో పెద్ద పని. మన వంటకి 390 చాలుతుందా అని నాకూ అనుమానం ఉండేది. చాలుతోంది, కాకపోతే పోపుకి అయిదు నిమిషాల ముందే వెయ్యాలి, పొగ వచ్చాక వేస్తే వెనకబడుతుంది.

క్యాబినెట్లు ఐకియావి. టాంపాలో పెద్ద షాపుంది, హైదరాబాద్‌లో 2018లో వాళ్ళు తెరిచినప్పుడు మా చెల్లెలు ఫొటోలు పెట్టి సంబరపడింది గుర్తొచ్చింది. వీటిలో నాకు నచ్చింది, గోడకి ఒక ఇనప పట్టీ బిగిస్తే బాక్సులన్నీ దానికి వేలాడతాయి, ఎత్తిపట్టుకుని మేకులు కొట్టే బాధ లేదు. కానీ ఆ పట్టీ బిగించడం దగ్గరే మా గోడ తిప్పలు పెట్టింది. బ్లాకు గోడ మీద ముప్పావు అంగుళం చెక్కపట్టీలు, వాటి మీద అరంగుళం జిప్సం బోర్డు. చెక్క ఎక్కడుందో చూపించాల్సిన స్టడ్ ఫైండర్ గోడంతా కూతలు పెట్టింది, లోపల వెండి కాగితంలాంటి ఇన్సులేషన్ ఉన్నందువల్ల. అప్పుడు గుండీ అంత మ్యాగ్నెట్‌కి దారం కట్టి గోడ మీద జారుస్తూ పోయాను. బోర్డుని చెక్కకి బిగించిన స్క్రూ దగ్గరికి రాగానే టక్కున అంటుకుంటుంది. అక్కడ నీలం టేపు ముక్క. ఒక గంటలో గోడ మీద టేపు చుక్కలు నిలువు వరసలుగా తేలాయి, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టే. ఆ వరసల మీద 2¾ అంగుళాల కాంక్రీటు స్క్రూలు వేశాం, చెక్కని దాటి బ్లాకులోకి అంగుళానికి పైగా దిగేలా. మొదట్లో డ్రిల్లు స్పీడు పెట్టి బిగిస్తే రెండు స్క్రూలు తిరిగిపోయాయి, లోపల బ్లాకు పొడైపోయింది. పక్కకి జరిపి, చివరి నాలుగు తిప్పులు చేత్తో బిగిస్తే నిలబడ్డాయి.

నేల మట్టం సంగతి కూడా చెప్పాలి. మా ఒంగోలు ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్ళు నింపి ఈ మూల నుంచి ఆ మూలకి మట్టం చూసేవాడు, ఇక్కడ లేజరు గీతతో చేసిందీ అదే. ఫ్రిజ్ దగ్గర నేల ఎత్తు, స్టవ్ దగ్గరికొచ్చేసరికి అరంగుళం పైనే పల్లం. ఎప్పుడూ ఎత్తైన చోట నుంచే లెక్క మొదలుపెట్టాలి, బాక్సుల కాళ్ళు తిప్పి పొడుగు చెయ్యొచ్చు గానీ నేలని తగ్గించలేం కదా.

పై బాక్సులు ఎక్కించే బరువు మావల్ల కాదు, అబ్బాయి కోసం ఆగాం. ఆ ఏడాది జనవరి 15 సోమవారం ఇక్కడ మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, మనకి సంక్రాంతి. అబ్బాయి, కోడలు శుక్రవారం రాత్రే దిగారు. మూడు రోజుల్లో తండ్రీ కొడుకులు బాక్సులన్నీ వేలాడదీశారు, కోడలు తలుపుల కీళ్ళు బిగించింది. రసమట్టం పెట్టి బుడగ సరిగ్గా మధ్యకి వచ్చిందో లేదో చూసి ఊఁ అనడం నా పని. పండగ పొంగలి గారేజీలో మడతబల్ల మీద, చిన్న ఇండక్షన్ పొయ్యి మీద వండాను, గిన్నెలు వాషింగ్ మెషీన్ పక్కన బట్టల తొట్లో కడిగాను. నాలుగు నెలలు అదే మా వంటిల్లు.

ఒక్క చోట మాత్రం పట్టుబట్టి నాకు కావలసినట్టు చేయించుకున్నాను. ఇక్కడ వంట గట్టు ఎత్తు 36 అంగుళాలు. నేను 5 అడుగులే. చపాతీ వత్తాలన్నా, కొబ్బరి కోరాలన్నా, గ్రైండర్‌లో పిండి తీయాలన్నా భుజాలు పైకెత్తి చెయ్యాల్సివచ్చేది. అందుకని కిటికీ కింది మూడడుగుల ముక్కకి కాళ్ళు తీసేసి కింద చెక్క చట్రం వేసి 33 అంగుళాలకి దించాం. గ్రైండర్‌కి అక్కడే ప్లగ్గు. మూడంగుళాలే, కానీ నా మెడనొప్పి సగం అక్కడే పోయింది.

గట్టు రాయికి క్వార్ట్జ్ తీసుకోమని అందరూ అన్నారు. అది రాతిపొడిని రెజిన్‌తో కలిపి చేస్తారు, కుక్కరు దించి నేరుగా పెడితే ఆ వేడికి మచ్చపడే భయం ఉంది, తెల్లదైతే పసుపుతో ఇంకో భయం. సరే, గ్రానైట్ చూద్దామని రాళ్ళ యార్డుకి వెళ్ళాం. వరసగా నిలబెట్టిన పలకల మధ్య నల్లటిది, దాన్లో నక్షత్రాలు చల్లినట్టు బంగారు చుక్కలు. నేను ఆగిపోయాను. చీటీ మీద బ్లాక్ గెలాక్సీ, ఇండియా అని ఉంది. బ్లాక్ గెలాక్సీ అంటే చీమకుర్తి రాయే, మా ఒంగోలుకి 20 కిలోమీటర్లు. ఊరికి వెళ్ళినప్పుడు ఆ రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే దిమ్మల లారీలు ఎదురొచ్చేవి, ఒక్కో లారీ మీద ఒకటే దిమ్మ, గొలుసులతో కట్టి. పలక మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. ఆయనేమీ మాట్లాడలేదు, ధర కూడా అడక్కుండా "ఇదే" అన్నారు. ఫొటో పంపితే ఒంగోలు నుంచి మా అన్నయ్య వెంటనే ఫోన్ చేసి, "ఏమ్మా, మన రాయి నీకంటే ముందే అమెరికా చేరిందే" అన్నాడు. నల్ల రాయి మీద నీటి మరకలు కనబడతాయి, ఆ మాట నిజమే, రోజూ పొడిగుడ్డతో తుడుస్తాను. కోయడం, బిగించడం రాయివాళ్ళే చేశారు, 3,100 డాలర్లు.

స్టవ్ ఇండక్షన్‌ది పెట్టాం, పాత కాయిల్ స్టవ్ ప్లగ్గే సరిపోయింది. ముందు గిన్నెలన్నీ అదే మ్యాగ్నెట్‌తో పరీక్ష చేశాను. ఇనప పెనం, అడుగు చదునుగా ఉన్న మూకుడు పాసయ్యాయి. అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె, అల్యూమినియం ఇడ్లీ పాత్ర కాలేదు. వాటికోసం, పచ్చడికి వంకాయ కాల్చుకోడానికీ వెనక వరండాలో ఒక చిన్న గ్యాస్ పొయ్యి ఉంచుకున్నాను. వంకాయకి మంట తగలాల్సిందే, అందులో రాజీ లేదు.

మొత్తం ఖర్చు దాదాపు 19 వేల డాలర్లు. క్యాబినెట్లు 6,200, పైపులు 4,800, రాయి 3,100, స్టవ్ 1,900, ఎలక్ట్రీషియన్ 1,400, చిమ్నీ, గొట్టం 620, మిగతాది టైల్సు, పనిముట్లు, పర్మిట్.

చివరి ఇన్‌స్పెక్షన్ మార్చి నెలాఖరున అయింది. ఏప్రిల్ 9న ఉగాది. పొద్దున్నే పులిహోర పోపు. ఆయన్ని స్టవ్ దగ్గర నిలబెట్టి, "ఏవండీ, నూనె కాగాక మిరపకాయలు వేసి ఇంగువ వెయ్యండి" అని చెప్పి నేను బయటికి వెళ్ళి గోడ మూత కింద నిలబడ్డాను. రేకు తలుపు లేచి వణుకుతోంది. అరనిమిషానికి ఇంగువ ఘాటు గుప్పున నా మొహం మీదికి వచ్చింది. లోపలికి పరిగెత్తుకొచ్చి పడగ్గది తలుపు తీసి పీల్చి చూశాను, అక్కడేమీ లేదు.

ఆ వారంలోనే నీళ్ళ మెయిన్ కట్టేసి మిషిగన్ వచ్చేశాం. అక్టోబర్‌లో మిల్టన్ తుఫాను టాంపా కిందుగా తీరం దాటింది, ఆ రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాం, నా ధ్యాసంతా ఆ ఆరంగుళాల కన్నం మీదే. నవంబర్‌లో వెళ్ళి తలుపు తీయగానే ఆయన చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి, చిమ్నీ పక్క కప్‌బోర్డు తెరిచి, గొట్టం చుట్టూ గోడని అరచేత్తో తడిమి చూశారు. పొడిగా ఉంది.